మంట పసుపుగా వస్తోందా? గ్యాస్ అయిపోలేదు, పొయ్యికి గాలి ఆడట్లేదు

గిన్నెల అడుగులు నల్లబడితే మన ఇళ్ళల్లో ముందు తిట్టేది సిలిండర్‌నే. ఈసారి గ్యాస్ బాలేదు, ఏదో కలిపారు, లేదంటే అయిపోవస్తోంది, ఇవే మాటలు. ఎండాకాలం సెలవులకి ఊరెళ్ళి వచ్చాక మా ఇంట్లోనూ అదే అయింది. ఎడమవైపు బర్నర్ మీద పప్పుకి కుక్కర్ పెడితే అడుగంతా మసి, తోమినా మర్నాటికి మళ్ళీ మసే, మంట చూస్తే పసుపుగా, సాగిపోయి, గాలి లేకపోయినా ఊగుతోంది. మా అత్తయ్యగారు "కొత్త సిలిండర్ పెట్టాకే ఇలా అవుతోందమ్మా, ఏజెన్సీకి ఫోన్ చెయ్యి" అన్నారు. కానీ కుడివైపు బర్నర్ మాత్రం నీలంగా, పొట్టిగా, చక్కగా మండుతోంది. "అత్తయ్యగారూ, రెండిటికీ సిలిండర్ ఒకటే, రెగ్యులేటర్ ఒకటే, పైపు ఒకటే కదా, గ్యాస్‌లోనే తేడా ఉంటే రెండూ పసుపుగానే మండాలి కదండీ" అన్నాను. ఆవిడ రెండు మంటలూ పక్కపక్కనే కాసేపు చూసి "అవునే, అయితే రోగం పొయ్యిలోనే ఉంది" అన్నారు.

ఈ ఒక్క పోలిక చూసుకుంటే చాలు సగం పని అయిపోయినట్టే. అన్ని బర్నర్లూ ఒకేసారి మొరాయిస్తే సిలిండర్, రెగ్యులేటర్, పైపు వైపు చూడాలి, ఒక్కటే మొరాయిస్తే ఆ బర్నర్ లైన్‌లోనే ఎక్కడో ఉంది. ఏజెన్సీకి ఫోన్ చేసే ముందు ఇది చూడండి ప్లీజ్, చాలామంది అనవసరంగా సిలిండర్ మార్పించుకుంటారు.

అసలు పొయ్యి ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్తాను, ఇది తెలిస్తే రిపేరు దానంతటదే అర్థమవుతుంది. నాబ్ తిప్పితే గ్యాస్ వచ్చి నేరుగా మండుతుందనే అనుకుంటాం కానీ బర్నర్ చిల్లుల్లోంచి బయటికొచ్చేది ఒట్టి గ్యాస్ కాదు, గాలి కలిసిన గ్యాస్. నాబ్ వెనకాల చిన్న ఇత్తడి జెట్ ఉంటుంది, కొంతమంది నాజిల్ అంటారు, దాని కన్నం మిల్లీమీటరు కూడా ఉండదు. అంత సన్నటి కన్నంలోంచి గ్యాస్ విసురుగా వస్తూ దాని ఎదురుగా ఉన్న గొట్టంలోకి దూరుతుంది, ఆ విసురుకి చుట్టూ ఉన్న గాలిని కూడా తనతో లాక్కుపోతుంది, గొట్టంలో రెండూ కలిసి పైన బర్నర్‌కి చేరతాయి. హైస్కూల్ ల్యాబ్‌లో బున్సెన్ బర్నర్ చూసిన వాళ్ళకి ఇది తెలిసిన సంగతే, మన వంటింటి పొయ్యి కూడా అదే పద్ధతి.

ఎంత గాలి కావాలో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మన సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. ఒక లీటరు ప్రొపేన్ పూర్తిగా మండాలంటే దాదాపు 24 లీటర్ల గాలి కావాలి, బ్యూటేన్‌కైతే 31 లీటర్ల దాకా. ఇందులో కొంత ముందే గొట్టంలో కలుస్తుంది, మిగతాది మంట చుట్టూ ఉన్న గాలిలోంచి అందుతుంది. గొట్టంలో ఏదైనా అడ్డం పడిందనుకోండి, ముందు కలవాల్సిన గాలి తగ్గిపోతుంది, గ్యాస్‌లో ఉన్న కార్బన్ పూర్తిగా మండకుండా నుసిలాగా మిగిలి ఆ వేడికి పసుపుగా వెలుగుతుంది. మనం చూసే పసుపు మంట అదే, గిన్నెకి అంటుకునే మసీ అదే. అంటే మసి రూపంలో మనం తోమి పారేస్తున్నది మనం డబ్బులిచ్చి కొన్న గ్యాసే. దానికి తోడు ఇలా సగం సగం మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, కిటికీ మూసుకుని వంట చేసే చిన్న వంటింట్లో అది అస్సలు మంచిది కాదు, అందుకే గిన్నెలే కదా నల్లబడ్డాయి అని వదిలేయొద్దంటాను.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. మంటలో అప్పుడప్పుడూ నారింజ రంగు మెరుపులు వస్తాయి, అది వేరు, దానికి కంగారు పడక్కర్లేదు. గంజి పొంగినా చారు చిందినా అందులోని ఉప్పు మంటలో పడి అలా రంగు వస్తుంది, కాసేపటికి పోతుంది, మసి పట్టదు. మంట మొత్తం పసుపుగా మారి, పొడుగ్గా సాగి, గిన్నెకి మసి పడితేనే గాలి సమస్య. దీనికి రివర్స్ కూడా ఉంది, మంట బర్నర్‌ని అంటుకోకుండా పైకి ఎగిరెగిరి మండుతూ సుయ్యిమని చప్పుడు చేస్తుంటే గాలి ఎక్కువైనట్టో, గ్యాస్ ఎక్కువ జోరుగా వస్తున్నట్టో. రెగ్యులేటర్ పాడైనా ఇలా రావచ్చు, అదైతే అన్ని బర్నర్లకీ ఒకేలా వస్తుంది. అప్పుడు రెగ్యులేటర్ ఆఫ్ చేసేసి ఏజెన్సీకి చెప్పాల్సిందే, రెగ్యులేటర్ మాత్రం ఎవరూ ఇంట్లో విప్పకండి.

సరే మా పొయ్యి దగ్గరికి వస్తే, ముందు రెగ్యులేటర్ ఆఫ్ చేసి, సిలిండర్ మీంచి పూర్తిగా తీసేసి, సిలిండర్‌కి మూత బిగించాను. చాలామంది నాబ్ ఆపేసి పని మొదలెట్టేస్తారు, అలా వద్దు. రెగ్యులేటర్ తీసేస్తే పైపులో మిగిలిన కాస్త గ్యాస్ తప్ప ఇంకేమీ ఉండదు, ఆ కాస్తా కిటికీలు తీసి పెడితే పోతుంది. స్టవ్ చల్లారేదాకా ఆగాలి, ఇత్తడి బర్నర్ వేడి ఓ పట్టాన తగ్గదు. మొదటి పరీక్ష చాలా తేలిక, మా పొయ్యి మీద రెండు బర్నర్లూ ఒకే సైజువి కాబట్టి పైన ఇత్తడి బిళ్ళలు రెండూ అటుదిటు ఇటుదటు మార్చి మళ్ళీ రెగ్యులేటర్ పెట్టి వెలిగించి చూశాను. పసుపు మంట బిళ్ళతో పాటు కుడివైపుకి వచ్చేస్తే తప్పు బిళ్ళది, ఎడమవైపే ఉండిపోతే తప్పు కింద గొట్టంలోనో జెట్‌లోనో. మాది ఎడమవైపే ఉండిపోయింది.

మళ్ళీ రెగ్యులేటర్ తీసేసి, ఈసారి పైపు కూడా స్టవ్ నుంచి ఊడదీసి, బిళ్ళలు, గిన్నెలు పెట్టే స్టాండ్లు, కింద ప్లేట్లు అన్నీ పక్కన పెట్టి, పాత దుప్పటి పరిచి దాని మీద స్టవ్ బోర్లించాను. మాది స్టీల్‌ది, గ్లాస్ టాప్ ఉన్నవాళ్ళు మాత్రం ఇంకొకర్ని సాయం పిలవండి, అంచుకి దెబ్బ తగిలితే ఆ గాజు మొత్తం పొడి పొడి అయిపోతుంది. అడుగున చూస్తే నాబ్‌లన్నిటినీ కలుపుతూ ఒక గ్యాస్ పైపు, దాన్నుంచి ఒక్కో నాబ్‌కీ ఒక్కో జెట్, ప్రతి జెట్ ఎదురుగా గొట్టం మూతి. గొట్టాన్ని పట్టి ఉంచే స్క్రూ తీస్తే గొట్టం జారి బయటికొస్తుంది. అత్తయ్యగారు ఫోన్ టార్చ్ పట్టుకుని లోపలికి చూసి "ఇదిగో, సాలీడు ఇల్లు కట్టుకుంది" అన్నారు. నిజంగానే గొట్టం వంపు దగ్గర తెల్లగా సాలెగూడు, దానికి పొగ నుసి, ఎప్పుడో పొంగిన పాల తరకలు అతుక్కుని ఉన్నాయి. మనం ఊళ్ళో లేనప్పుడు వాడకుండా ఉన్న పొయ్యిలో ఇలాంటివి చేరడం మామూలే, సాలీళ్ళకి ఇలాంటి సన్నటి చీకటి గొట్టాలంటే ఇష్టం, బొద్దింక పిల్లలు కూడా దూరతాయి. సీసాలు కడిగే సన్న బ్రష్‌తో రెండు వైపుల నుంచీ తోమి, సబ్బు నీళ్ళతో కడిగి, ఎండలో పెట్టాను. ఈ గొట్టాలు ఎక్కువగా అల్యూమినియంవి, బట్టల సోడాలో నానబెట్టొద్దు, సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఇక జెట్ గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలా పొయ్యిలు పాడవుతున్నాయి. జెట్ కన్నంలో సూది పెట్టి తిప్పొద్దు. పిన్నీసు వద్దు, గుండుసూది వద్దు. ఈ అలవాటు మనకి కిరసనాయిలు పంపు స్టవ్వుల నుంచి వచ్చిందని నాకనిపిస్తుంది. ఆ రోజుల్లో స్టవ్వు పిన్నులని కొట్టులో అమ్మేవాళ్ళు, రేకు పట్టీ చివర సన్న తీగ ఉండేది, మంట తగ్గితే దాంతో పొడవడమే. ఆ చెయ్యి అలాగే గ్యాస్ పొయ్యి మీదికీ వచ్చేసింది. కానీ గ్యాస్ జెట్ ఇత్తడిది, మెత్తన, గట్టి సూది పెట్టి తిప్పితే కన్నం పెద్దదవుతుంది లేదా వంకరవుతుంది. వెంటనే తెలీదు, మంట జోరుగానే వస్తోందని సంతోషిస్తాం, కానీ గ్యాస్ ఎక్కువ పోతుంది, దానికి సరిపడా గాలి గొట్టంలోకి రాదు, మళ్ళీ పసుపు మంటే. జెట్‌ని సరిపోయే స్పానర్‌తో జాగ్రత్తగా విప్పి, వేడి సబ్బు నీళ్ళలో నానబెట్టి, వెనకవైపు నుంచి గాలి ఊది, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే కన్నం గుండ్రంగా కనపడాలి. అంతగా అయితే పళ్ళు తోముకునే బ్రష్ పోచ ఒకటి దూర్చొచ్చు. అయినా రాకపోతే కొత్త జెట్ కొనుక్కోండి, స్టవ్ స్పేర్ పార్ట్స్ కొట్లో చాలా చవక, పాతది పట్టుకెళ్ళి అదే సైజు అడగాలి, ఎందుకంటే పెద్ద బర్నర్‌దీ చిన్న బర్నర్‌దీ ఒకటి కాదు. నేను విప్పేటప్పుడే ఏది ఎటువైపుదో కాగితం మీద రాసి పక్కన పెట్టుకున్నా.

ఇత్తడి బిళ్ళలకి మా అత్తయ్యగారి మందు చింతపండు. పూజ సామాన్లు తోమినట్టే వేడినీళ్ళలో చింతపండు, కాస్త ఉప్పు వేసి రాత్రంతా నానబెట్టి పొద్దున పీచుతో తోమితే కొత్తవాటిలా వచ్చాయి. బిళ్ళ చిల్లులకి మాత్రం పిన్నీసు వాడొచ్చు, అవి పెద్దవి, అయినా మెల్లిగానే. తర్వాత బాగా ఆరాలి, ఇది తొందరలో అందరూ మర్చిపోయేది, తడి బిళ్ళ పెడితే ఒకచోట మంట వచ్చి ఒకచోట రాదు. బిళ్ళ కూర్చోడం కూడా ముఖ్యమే, కింద గాడిలో సరిగ్గా కూర్చుని కదలకుండా ఉండాలి. వంకరగా కూర్చుంటే గ్యాస్ పక్కల్నుంచి వస్తుంది, ఒక్కోసారి మంట "టప్" మని లోపలికెళ్ళి జెట్ దగ్గరే మండుతుంది, పైన మంట కనపడదు కానీ కింద బుసకొట్టే చప్పుడు వస్తుంది, నాబ్ దగ్గర కాలుతుంది. అలా అయితే వెంటనే నాబ్ ఆపేసి, చల్లారాక బిళ్ళ సరిచేసి మళ్ళీ వెలిగించాలి. పాతబడి చిల్లులు అరిగి పెద్దవైన బిళ్ళలకి ఇది తరచూ వస్తుంది, వాటిని మార్చేయడమే మంచిది.

ఇంతవరకూ ఇంట్లో చేసుకోవచ్చు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఎవరైనా. నేను ఆగిపోయింది నాబ్ దగ్గర.

మా పొయ్యి నాబ్‌లలో ఒకటి ఎప్పటినుంచో బిగిసిపోయి ఉంది, తిప్పాలంటే చెయ్యి నొప్పి, సిమ్‌లో పెట్టబోతే ఆరిపోతుంది. దీనికి కొబ్బరినూనె పోయమని, వ్యాజిలిన్ రాయమని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. పోయొద్దండి. వీధిలో సైకిల్ మీద "గ్యాస్ స్టవ్ రిపేరూ, కుక్కర్ రిపేరూ" అంటూ వచ్చే పెద్దాయన్ని పిలిచి, "బాబాయ్, నువ్వు చేసేది నేను చూస్తా, కాస్త చెప్తూ చెయ్యి" అన్నాను. ఆయన "రామ్మా, చూస్తే తప్పేముంది" అని వాల్వు విప్పి చూపించాడు. లోపల ఇత్తడి బిరడా, ఒక చివర లావుగా ఇంకో చివర సన్నగా, అది దాని గూట్లో అతుక్కున్నట్టు కూర్చుంటుంది, మధ్యలో ఉండే పల్చటి గ్రీజు పొరే గ్యాస్ బయటికి రాకుండా ఆపుతుంది. వేడికి ఆ గ్రీజు ఎండిపోతే నాబ్ బిగిసిపోతుంది. వంటనూనె పోస్తే ముందు బాగానే తిరుగుతుంది, తర్వాత అది జిగురైపోయి ఇంకా బిగిస్తుంది, పైగా ఉన్న గ్రీజుని కూడా కడిగేస్తుంది, అప్పుడు నాబ్ దగ్గరే లీకు. ఆయన పాత గ్రీజు గుడ్డతో తుడిచేసి, వేడికి కరగని వాల్వు గ్రీజు పల్చగా రాశాడు. "ఎక్కువ రాస్తే కన్నంలోకి పోయి గ్యాస్ ఆపేస్తదమ్మా" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, ఒక వాల్వు బిరడా ఇంకో వాల్వులో పెట్టకూడదట, దేనికది కలిపి అరగదీసి చేస్తారు కాబట్టి మారిస్తే లీకవుతుందట. బిరడా మీద గీత పడితే గ్రీజుతో కవర్ చేయకుండా వాల్వు మార్చేయాల్సిందే అన్నాడు. ఆయన అడిగిన డబ్బుల మీద నేను బేరమాడలేదు, ఆ చేతిపనికి అది తక్కువే.

అన్నీ బిగించాక సబ్బు నురుగు పరీక్ష. గిన్నెలో సబ్బు నీళ్ళు నురగొచ్చేదాకా గిలక్కొట్టి, నాబ్‌లన్నీ ఆఫ్‌లో ఉంచి రెగ్యులేటర్ ఆన్ చేసి, పైపు రెండు చివరలా, వాల్వుల చుట్టూ, జెట్‌లు విప్పి బిగించాం కాబట్టి ఆ గ్యాస్ పైపు జాయింట్ల దగ్గరా రాసుకుంటూ పోవాలి. బుడగలు లేస్తే లీకున్నట్టు. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు, చేసేవాళ్ళని చూస్తే ఆపండి. గాలిలో ఎల్పీజీ 2 శాతం చేరినా చాలు అంటుకోడానికి. పైగా ఇది గాలి కన్నా బరువు, ఇంచుమించు రెట్టింపు, పైకి పోకుండా నేల మీద పరుచుకుంటుంది, అందుకే వాసనొస్తే తలుపులూ కిటికీలూ తెరవాలి కానీ ఫ్యాన్ స్విచ్, ఎగ్జాస్ట్ స్విచ్ ముట్టుకోకూడదు, ఆన్ చేసినా ఆఫ్ చేసినా నిప్పురవ్వ వస్తుంది. గ్యాస్‌కి సొంత వాసన లేదు, మనకి తెలియడానికే మెర్కాప్టాన్ కలుపుతారు. ఎమర్జెన్సీ నంబరు 1906, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఫ్రిజ్ మీద రాసి అంటించండి, పిల్లలకి కూడా తెలియాలి.

కొత్త సిలిండర్ పెట్టగానే వాసనొస్తే స్టవ్‌ని అనుమానించే ముందు సిలిండర్ వాల్వు లోపలి రబ్బరు రింగు చూడండి. అది అరిగినా, లేకపోయినా రెగ్యులేటర్ పెట్టగానే కారుతుంది. డెలివరీ అబ్బాయి ఉన్నప్పుడే సీలు తీయించి చెక్ చేయించుకోవడం మన హక్కు, తొందరపడినా వదలొద్దు. అలాగే సిలిండర్ పట్టుకునే రింగు కింద ఉన్న పట్టీల్లో ఒకదాని లోపలివైపు ఒక అక్షరం, సంవత్సరం ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ, డీ ఆ తర్వాతవి. అది సిలిండర్‌ని మళ్ళీ టెస్ట్ చేయాల్సిన గడువు. ఆ గడువు దాటిన సిలిండర్ వస్తే తీసుకోనక్కర్లేదు.

ఇల్లు మారేవాళ్ళకి ఒక మాట. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల ఇప్పుడు చాలా అపార్ట్‌మెంట్లకి పైపులో గ్యాస్ వస్తోంది. అది ఎల్పీజీ కాదు, మీథేన్, ఘనమీటరుకి లెక్కేస్తే ఎల్పీజీలో దానికన్నా రెండున్నర రెట్లు వేడి ఉంటుంది. అందుకని పైపు గ్యాస్ పొయ్యికి జెట్ కన్నం పెద్దదిగా ఉంటుంది. సిలిండర్ పొయ్యిని పైపు గ్యాస్‌కి కలిపితే మంట మిణుకుమిణుకుమంటుంది, అంతే. కానీ పైపు గ్యాస్‌కి జెట్‌లు మార్చిన పొయ్యిని మళ్ళీ సిలిండర్‌కి కలిపితే మంట ఎగదన్నుకుని వస్తుంది, అది ప్రమాదం. సెకండ్ హ్యాండ్ స్టవ్ కొనేటప్పుడు ఇంతకుముందు దేనికి వాడారో తప్పకుండా అడగండి.

లైటర్ లేకుండా వెలిగే ఆటో ఇగ్నిషన్ స్టవ్‌లకైతే టక్ టక్ మని చప్పుడు వచ్చి అంటుకోకపోతే ఎక్కువసార్లు బర్నర్ పక్కన నిప్పురవ్వ వచ్చే సన్న పుల్ల కొస తడిగానో జిడ్డుగానో ఉంటుంది, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. దాని చుట్టూ ఉన్న తెల్ల పింగాణీ పగిలితే మాత్రం మార్చాలి. చప్పుడే రాకపోతే, బ్యాటరీ ఉన్న మోడలైతే ముందు బ్యాటరీ చూడండి.

మా ఎడమ బర్నర్ ఇప్పుడు నీలంగా మండుతోంది, అత్తయ్యగారు పప్పు కుక్కర్ దాని మీదే పెడుతున్నారు. నాకు మిగిలిన పని మా అమ్మ వాళ్ళ ఊళ్ళో ఉంది. అమ్మకి గ్యాస్ కనెక్షన్ 1999లో దీపం పథకం వచ్చినప్పుడు డ్వాక్రా సంఘంలో ఉన్నందుకు వచ్చింది, అంతకుముందు కట్టెల పొయ్యే. స్టవ్ తర్వాత మార్చాం కానీ ఈ సెలవుల్లో వెళ్ళినప్పుడు చూస్తే పైపు మీద అచ్చేసిన గడువు ఎప్పుడో దాటిపోయింది. ఈ నారింజ రంగు సురక్షా పైపుకి 5 సంవత్సరాలే, పైకి బాగానే కనపడ్డా లోపల రబ్బరు పగుళ్ళిస్తుంది, స్టవ్ వెనక వేడి తగిలేచోట ఇంకా త్వరగా. "బానే ఉందిగా, ఎందుకే దండగ" అంటుంది అమ్మ. అక్కడి ఏజెన్సీకి ఫోన్ చేసి మీటరున్నర పైపు చెప్పాను, అంతకన్నా పొడుగు పెట్టకూడదు, రెండు ముక్కలు అతికించకూడదు. వచ్చే ఆదివారం వెళ్ళి దగ్గరుండి మార్పించి, సబ్బు నురుగు రాసి చూసి వస్తాను.